పసిబిడ్డ చావుకు పద్దు కావాలి

"పోయినోళ్లు పోయిన్రు. ఇప్పుడు తవ్వి ఏం జేస్తరు? ఉన్నోళ్ల బతుకు ఆగం జేసుడు దప్ప."

ఇబ్రహీంపట్నం నుంచి యాచారం మీదుగా మాల్ దాకా, సాగర్ రోడ్డు పొడవునా ఏ ఊళ్లోనైనా ఒక పసిబిడ్డ ప్రాణం ఇంటివాళ్ల చేతుల్లోనే పోయిందని గుసగుసలు మొదలైతే పెద్దమనుషులు అనే మాట ఇది. ఏడుస్తున్నవాళ్ల భుజం పట్టుకుని, మంచి మనసుతోనే అంటారు. ఠాణాలో రాతకోతలు చూసే కానిస్టేబుల్ అంటాడు. పోస్ట్‌మార్టం గది బయట నిలబడ్డ మేనమామ అంటాడు. వార్త పంపిన విలేకరి కూడా ఫోను పెట్టేసే ముందు అదే అంటాడు. ఇంతమంది మంచివాళ్లు అంటున్నారు కాబట్టే ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేకుండా పోయారు.

నేను ఎదురు చెబుతున్నాను. ఇంటి హింసలో చనిపోయిన ప్రతి బిడ్డ మరణాన్నీ ఆ బిడ్డ పేరు మీదే రాసిపెట్టాలి. ఎలా జరిగిందో రాయాలి, అంతకుముందు ఆ ఇంట్లో ఏం జరుగుతూ వచ్చిందో, ఎవరెవరికి తెలిసిందో, ఎవరు పట్టించుకున్నారో, ఎవరు పట్టించుకోలేదో అన్నీ రాయాలి. రాయకుండా వదిలేయడాన్ని మనం దయ అనుకుంటున్నాం. ఆ మౌనం వల్ల మేలు జరిగేది ఆ ఇంట్లో అందరికంటే బలమైనవాడికే.

ఇంటి హింస ఎంత దూరం పోతుందో ఇబ్రహీంపట్నం మండలానికి తెలియంది కాదు. 2024 డిసెంబర్ 2న రాయపోలు దగ్గర నడిరోడ్డు మీద ఒక మహిళా కానిస్టేబుల్ హత్యకు గురైంది. చంపింది తోడబుట్టినవాడేనని పోలీసులు కేసు పెట్టారు, కులం కాని పెళ్లి చేసుకుందన్న కోపం కారణమన్నారు. ఆమెకు యూనిఫాం ఉంది, చేతిలో ఉద్యోగం ఉంది, న్యాయం అడగడానికి భర్త ఉన్నాడు. కాబట్టి ఆ చావు రాష్ట్రమంతా తెలిసింది, 'పరువు హత్య' అన్న పేరుతో లెక్కలోకి ఎక్కింది. అదే ఊళ్లో మూడేళ్ల పాప ఇంట్లో తగిలిన దెబ్బలకు చనిపోతే, చంపినవాళ్లే ఫిర్యాదు రాసి ఇవ్వాల్సినవాళ్లయితే, ఆ పాప తరఫున ఏ పేరుతో ఎవరు లెక్క రాస్తారు?

లెక్కల దగ్గరే మొదలుపెడదాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో వేసే వార్షిక నివేదికల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి దేశంలో నేరాల మీద, ఇంకొకటి ప్రమాద మరణాలు, ఆత్మహత్యల మీద. రెండో దాంట్లో 'సామూహిక, కుటుంబ ఆత్మహత్యలు' అని ఒక పట్టిక ఉంటుంది. చనిపోయినవాళ్లను అందులో వివాహితులు, అవివాహితులు అని విడదీసి చూపిస్తారు. ఒక తల్లి మూడేళ్ల కొడుకును చెయ్యిపట్టుకుని, చంటిపాపను చంకనెత్తుకుని బావిలో దూకిందనుకోండి. ఆ ఘటనను కుటుంబ ఆత్మహత్యగా పైకి పంపితే ఆ పిల్లలిద్దరూ 'అవివాహితులు' అన్న గడిలో పడతారు. పలక పట్టని పిల్లవాడు, పాలు మరవని పాప, తమ ప్రాణాలు తామే తీసుకున్న పెళ్లికాని మనుషులుగా భారత ప్రభుత్వ పుస్తకంలో మిగిలిపోతారు. మర్నాడు పేపర్లో శీర్షిక కూడా అదే చెబుతుంది: 'ఇద్దరు పిల్లలతో సహా తల్లి ఆత్మహత్య'. ఆ శీర్షిక చదివి మనసు కలుక్కుమని పేజీ తిప్పేస్తాం. ఆ పిల్లలను ఎవరో చంపారన్న సంగతి మన మనసులోకి రానే రాదు.

నేరాల పుస్తకంలోనైనా దొరుకుతారా అంటే అక్కడా సగమే. పోక్సో కేసుల్లో నిందితుడు బిడ్డకు ఏమవుతాడో, కుటుంబ సభ్యుడా, ఇరుగుపొరుగువాడా, ముక్కూమొహం తెలియనివాడా అని పట్టిక వేసి చూపిస్తారు. బిడ్డ హత్యకు అలాంటి పట్టిక లేదు. చంపింది కన్నతండ్రా, సవతి తండ్రా, దారిన పోయేవాడా అన్నది ఆ అంకెల్లో కనపడదు. తెలంగాణలో నిరుడు ఎంతమంది పిల్లలు ఇంటివాళ్ల చేతుల్లో చనిపోయారని అడిగితే, రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని తెల్లవార్లూ చదివినా జవాబు రాదు.

వైద్యుల దగ్గర గడి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో వై07.1 అన్న సంకేతం కన్నవాళ్ల దుష్ప్రవర్తన వల్ల జరిగిన హాని కోసమే పెట్టింది. కానీ ఆ సంకేతం రాయాలంటే ముందు మరణ కారణాన్ని ఒక డాక్టరు ధ్రువీకరించాలి. 2020 లెక్కల ప్రకారం దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసి ఇచ్చినవి నాలుగో వంతు కూడా లేవు. మిగతావన్నీ ఇంటివాళ్లు ఏం చెబితే అదే.

ఈ పద్ధతి ఎలా మారుతుందో మనకు బయటి దేశాలవాళ్లు చెప్పనక్కరలేదు. యాభై దాటిన ఎవరినడిగినా చెబుతారు, ఒకప్పుడు పేపర్లలో 'స్టౌ పేలి గృహిణి మృతి' అన్న వార్త ఎంత మామూలుగా వచ్చేదో. స్టౌలు కొత్త కోడళ్ల దగ్గరే ఎందుకు పేలుతున్నాయని అప్పట్లో ఎవరూ అడగలేదు. అడిగినవాళ్లను సంసారాలు కూల్చేవాళ్లన్నారు. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన వంటి బృందాలు, దేశమంతటా మహిళా సంఘాలు ఆ చావులను ఒక్కొక్కటిగా పోగుచేసి ఇవి ప్రమాదాలు కావని గొంతు చించుకున్నాయి. 1983లో ఐపీసీకి 498ఎ చేరింది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అనుమానంగా చనిపోతే పోస్ట్‌మార్టం చేయించాలని నేర విచారణ స్మృతిలో రాశారు. 1986లో వరకట్న మరణం అన్న నేరమే కొత్తగా పుట్టింది. అంతకుముందు కూడా ఆ చావులు ఉన్నాయి, చంపినవాళ్లూ ఉన్నారు. వాటికి ఒక పద్దు లేదు. పద్దు వచ్చాకే పోలీసు అడగాల్సిన ప్రశ్న మారింది, పంచనామాకు తహసీల్దారు రావాల్సి వచ్చింది, పోస్ట్‌మార్టం తప్పించడం కష్టమైంది.

ఇప్పుడు ఆ బావి దగ్గరికే మళ్లీ వెళ్దాం. గట్టు మీద మూడు శవాలు పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాయి. తల్లికి పెళ్లయి ఆరేళ్లు. కాబట్టి ఆమె కోసం చట్టం వస్తుంది. కట్నం అడిగారా, భర్త కొట్టేవాడా, చివరిసారి పుట్టింటికి ఎప్పుడు పోయింది, ఎవరికి ఫోన్ చేసింది అని అడగడానికి ఒక అధికారి ఉన్నాడు, ఒక నమూనా ఉంది, కోర్టు చేసుకోవాల్సిన ఊహ కూడా సాక్ష్యాల చట్టంలో రాసి ఉంది. ఆమె పక్కనే ఉన్న పిల్లల కోసం ప్రత్యేకంగా ఎవరూ రారు. వాళ్లు తల్లి కేసులో ఒక వాక్యం. అదే తల్లికి పెళ్లయి ఎనిమిదేళ్లయితే ఆ ప్రత్యేక పంచనామా ఆమెకూ ఉండదు, అప్పుడు ముగ్గురూ ఒకే చీకట్లోకి పోతారు. బిడ్డ ప్రాణానికి విచారణ జరగాలా వద్దా అన్నది తల్లి పెళ్లి తేదీ మీద ఆధారపడటం ఏ న్యాయం?

శవ పంచనామా ఎలా జరుగుతుందో దగ్గరగా చూసినవాళ్లకు ఒక వాక్యం బాగా పరిచయం. 'ఈ మరణం విషయంలో మాకు ఎవరిమీదా అనుమానం లేదు.' ఫిర్యాదు కాగితంలో చివర ఆ వాక్యం ఉంటే అందరి పనీ తేలికవుతుంది. శవం త్వరగా ఇంటికి వస్తుంది, దహనమో ఖననమో పొద్దుగూకేలోపు అయిపోతుంది. పెద్దవాళ్ల విషయంలో ఈ వాక్యానికి కొంత విలువ ఉంది, ఎందుకంటే చనిపోయిన మనిషికి ఇంటి బయట కూడా తనవాళ్లుంటారు. పుట్టింటివాళ్లు, స్నేహితులు, పనిచేసే చోట మనుషులు ఉంటారు, ఎవరో ఒకరు అనుమానపడతారు. రెండేళ్ల బిడ్డకు ఆ ఇల్లే లోకం. అనుమానపడాల్సినవాళ్లు, అనుమానించదగ్గవాళ్లు, పంచనామా మీద సంతకం చేసే పంచులు కూడా ఒకే వాకిట్లో ఉన్నప్పుడు 'అనుమానం లేదు' అన్న మాటను సాక్ష్యంగా తీసుకోవడం తప్పు. బిడ్డ విషయంలో ఇంటివాళ్ల అనుమానంతో సంబంధం లేకుండా బయటివాళ్లు చూసి తీరాలి.

"చంపినవాళ్లే చచ్చిపోతే ఇక రాసి ఏం లాభం?" అని అడుగుతారు. చట్టం కూడా ఇంచుమించు అదే అంటుంది. నిందితుడు చనిపోతే కేసు మూసేస్తారు. విచారణ ఉండదు, సాక్షులు ఉండరు, తీర్పు ఉండదు. 2025 మార్చి 14న, హోలీ రోజు, కాకినాడలో ఒక తండ్రి చిన్న పిల్లలైన ఇద్దరు కొడుకులను చంపి తానూ ప్రాణం తీసుకున్నాడు. ఈ పోటీ ప్రపంచంలో వాళ్లు నెగ్గుకురాలేరని చీటీ రాసిపెట్టాడు. పెద్దవాడు చదువుతున్నది ఒకటో తరగతి. నెల తిరిగేసరికి హైదరాబాద్ గాజులరామారంలో ఒక తల్లి ఇద్దరు కొడుకులను చంపి, భవనం మీది నుంచి దూకింది. పిల్లల జబ్బు గురించీ తన జబ్బు గురించీ పొడవాటి ఉత్తరం రాసిపెట్టింది. రెండు చోట్లా ముద్దాయి లేడు కాబట్టి కోర్టు లేదు. అయితే తెలుసుకోవాల్సింది కూడా లేదా? ఒకటో తరగతి కూడా దాటని పిల్లల మార్కుల మీద ఒక చదువుకున్న తండ్రికి అంత భయం ఎక్కడి నుంచి వచ్చింది, బడి నుంచి అతనికి ఏం చెబుతూ వచ్చారు? ఎడతెగని వైద్యం అవసరమైన పిల్లల్ని ఆసుపత్రికి తిప్పుతున్న తల్లిని, 'అమ్మా, నువ్వెలా ఉన్నావు' అని ఆ ఆసుపత్రుల్లో ఒక్కరైనా అడిగారా? ఇవి శిక్ష కోసం అడిగే ప్రశ్నలు కావు, ఇంకో తండ్రి, ఇంకో తల్లి ఇవాళ అదే స్థితిలో ఉన్నారు కాబట్టి అడగాల్సినవి. కేసు మూసేయగానే వాటిని కూడా మూసేస్తున్నాం.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే వాదన ఇంకొకటి ఉంది. అది అనేవాళ్లు ఆడవాళ్ల కష్టం తెలిసినవాళ్లు. "తాగి కొట్టే మొగుడు, ఆదుకోని పుట్టిల్లు, ఎటూ పోలేక పిల్లల్ని తీసుకుని చెరువులోకి పోయిన తల్లిని హంతకురాలని రాయమంటారా? నేనుపోతే నా పిల్లలకు దిక్కెవరు అన్న బాధతో చేసిన పని అది. ఆమె మీద ఇంకా రాళ్లెందుకు?" ఈ బాధ నిజం. దీన్ని నేను తేలిగ్గా తీసేయను. అయినా ఈ వాదన చివరికి ఎవరికి ఉపయోగపడుతుందో చూడండి. 'పిల్లలతో సహా ఆత్మహత్య' అని రాసి మూసేసిన కాగితంలో తల్లి పేరు ఉంటుంది, పిల్లల పేర్లు ఉంటాయి, 'కుటుంబ కలహాలు' అన్న రెండు మాటలు ఉంటాయి. ఆ కలహాల్లో ఎవరు ఎవరిని కొట్టారో, ఎన్నాళ్లు కొట్టారో, ఆమె ఠాణాకు వస్తే 'సర్దుకుపో' అని ఎవరు వెనక్కి పంపారో ఉండదు. ఆ తల్లిపై మనం చూపించిన జాలి ఆమెను కొట్టినవాడిని కాగితం మీది నుంచి తప్పించింది. పిల్లల మరణాన్ని ఇంటి హింస మరణంగా రాస్తే, ఆ హింస ఎక్కడ మొదలైందో కూడా రాయాల్సి వస్తుంది. అప్పుడు ఆ తల్లి కథ మొదటిసారి పూర్తిగా బయటికి వస్తుంది.

పైగా బతికిపోయిన తల్లి విషయంలో మన సమాజం చూపించే దయ ఎంతటిదో సూర్యాపేట చూస్తే తెలుస్తుంది. 2021 ఏప్రిల్‌లో మోతె మండలంలోని ఒక తండాలో నెలల పాపను తల్లే చంపింది. దోషం పోవాలని పూజ చేసిందన్నారు. ఆమె మానసిక స్థితి బాగాలేదన్న మాటా వినిపించింది. 2025 ఏప్రిల్‌లో సూర్యాపేట కోర్టు ఆమెకు ఉరిశిక్ష వేసింది. చనిపోతే జాలితో మూసివేత, బతికితే ఉరితాడు, మధ్యలో ఇంకేమీ లేదు. ఇంగ్లండ్‌లో 1922లోనే ఒక చట్టం చేశారు, 1938లో దాన్ని విస్తరించారు. కాన్పు తర్వాత మనసు చెదిరిన స్థితిలో ఏడాదిలోపు బిడ్డను చంపిన తల్లికి హత్యానేరం కింద ఉరి పడకుండా ఆ చట్టం అడ్డుకుంది. బాలింతల మనసుకు ఏమవుతుందో వైద్యులు, జడ్జీలు ఒక్కో కేసూ చూసి, రాసి, వాదించబట్టే అది సాధ్యమైంది. మనకు అలాంటి చట్టం లేదు. మతిస్థిమితం లేదని నిందితురాలే రుజువు చేసుకోవాలి. తల్లి మీద నిజంగా దయ ఉన్నవాళ్లు అందరికంటే ముందు ఈ మరణాలను రాయమని అడగాలి. చట్టాన్ని కరిగించేది వివరమే.

పేదరికం వల్ల జరుగుతుందన్న మాటకు ఎక్కువ జవాబు అక్కరలేదు. కాకినాడ తండ్రి పెద్ద ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగి. లక్షలాది పేద ఇళ్లలో తల్లులు ఒకపూట పస్తుండి పిల్లలకు పెడుతున్నారు, వాళ్లను అవమానించే మాట అది.

'కొట్టకపోతే ఎట్ల బాగుపడతరు' అన్న నమ్మకంతో మాత్రం గట్టిగా పోట్లాడాలి. ఇంటి హింసలో పోయే ప్రాణాల్లో కొన్ని చంపాలన్న ఉద్దేశంతో పోయేవి కావు. రోజూ పడే దెబ్బల్లో ఒకటి తగలరాని చోట తగిలి పోతాయి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి ఒక అధ్యయనం చేయించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ 13లో ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. ఇళ్లలో దెబ్బలు తిన్నవాళ్లలో దాదాపు 89 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. 2012 డిసెంబర్‌లో నార్వేలోని ఆస్లో కోర్టు ఏడేళ్ల కొడుకును హింసించినందుకు ఒక తెలుగు తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు జైలుశిక్ష వేసింది. పిల్లవాడి ఒంటి మీద వాతలు, బెల్టు దెబ్బలు ఉన్నాయన్నది అక్కడి అభియోగం. ఇక్కడ మనలో చాలామంది బాధపడింది ఆ దంపతుల కోసమే. మన పెంపకం వాళ్లకు అర్థం కాలేదన్నారు, పిల్లల్ని భయం చెప్పి పెంచుకోకూడదా అన్నారు. ఆ పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగిన గొంతులు చాలా తక్కువ. ఆ పిల్లవాడు బడిలో నోరు విప్పాడు, బడి రాసింది, ఆ రాత వల్ల ఒక బిడ్డకు తగులుతున్న దెబ్బలు ఆగాయి. మన దగ్గర ఏ బడి రాస్తోంది? లైంగిక హింస తెలిస్తే చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ 2012 నుంచి చెబుతోంది, చెప్పకపోతే శిక్ష. వీపు మీద వాత కనపడితే చెప్పి తీరాలన్న అలాంటి నిబంధన టీచరుకు లేదు.

"ఇలా జరుగుతుందని ముందే ఎవరికి తెలుసు?" అన్నది చివరి అడ్డు. జరిగాక వెనక్కి వెళ్లి చూడనివాళ్లకు ఎప్పటికీ తెలియదు. వెళ్లి చూసిన చోట ఏం తేలిందో చెబుతాను. 2000 ఫిబ్రవరి 25న లండన్‌లో విక్టోరియా క్లింబియే అన్న ఎనిమిదేళ్ల పాప చనిపోయింది. ఐవరీ కోస్ట్ నుంచి చదువు కోసమని బంధువు వెంట వచ్చిన పిల్ల. ఒంటి మీద 128 గాయాలు. ఆ బంధువుకూ ఆమె స్నేహితుడికీ యావజ్జీవ శిక్ష పడింది. పని అంతటితో అయిపోయిందనుకోలేదు అక్కడివాళ్లు. లార్డ్ లామింగ్ నాయకత్వంలో విచారణ జరిపి, ఆ పాప చివరి నెలల్లో ఏ ఆసుపత్రి గడప తొక్కిందో, ఏ పోలీసు చూశాడో, ఏ సంక్షేమాధికారి ఫైలు మూసేశాడో తీగ లాగినట్టు లాగారు. ఆమెను కాపాడగలిగిన సందర్భాలు కనీసం 12 ఉన్నాయని 2003 జనవరిలో నివేదిక వచ్చింది. 2004లో పిల్లల చట్టం మార్చారు. 2008 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ఏ బిడ్డ చనిపోయినా, ఏ కారణంతోనైనా, కేసున్నా లేకున్నా, ఒక స్థానిక కమిటీ ఆ మరణాన్ని సమీక్షించి తీరాలి. అమెరికాలో లాస్ ఏంజెలెస్ 1978లోనే ఈ పని మొదలుపెట్టింది. ఎక్కడెక్కడ లెక్క తీశారో అక్కడ కనపడిన సంగతి ఒకటే. 44 దేశాల సమాచారంతో 2017లో వచ్చిన ఒక సమీక్షలో, హత్యకు గురైన పిల్లల్లో సగానికి పైగా తల్లిదండ్రుల చేతుల్లోనే చనిపోయారని తేలింది. మన కుటుంబాలు వేరు అనేవాళ్లుంటే, లెక్క తీసి చూపించి ఆ మాట అనాలి.

ఇదంతా ఇబ్రహీంపట్నంలో అయ్యే పనేనా అంటే, అయ్యే పనేనని ఇబ్రహీంపట్నమే చూపించింది. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయారు. ఆ రోజు కూడా 'విధి' అని మూసేసేవాళ్లే. జనం ఊరుకోలేదు. మిగిలిన 30 మందినీ నిమ్స్‌కూ అపోలోకూ తరలించి కాపాడుకున్నారు. విచారణ కమిటీ వచ్చింది, ఇన్ఫెక్షన్ సంగతి తేల్చింది, బాధ్యుల మీద చర్యలు తీసుకున్నారు, శిబిరాల నిబంధనలు మార్చారు. ఆ నలుగురు తల్లుల మరణాలను ఎవరి ఇంటి విషయంగా వాళ్లకు వదిలేసి ఉంటే ఆ 30 మంది సంగతి ఏమయ్యేదో ఊహించండి.

ఈ జిల్లాకు ఇంకో అనుభవం కూడా ఉంది. 1991లో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికుల మధ్య పని మొదలుపెట్టినప్పుడు అందరూ అన్నదీ ఇలాంటి మాటే. పేదోళ్లు, పిల్లలు పని చెయ్యకుంటే ఎట్ల బతుకుతరు, కన్నోళ్ల ఇష్టం కదా అని. శాంతా సిన్హా, ఆమెతో పనిచేసిన ఊరి యువతీయువకులు వాదన పెట్టుకోకుండా ఇంటింటికీ తిరిగి పేర్లు రాశారు. బడిలో లేని ప్రతి పిల్లా పిల్లాడూ బాలకార్మికులేనన్నారు. పేరు పేరునా రాశాక ఏ ఊళ్లో ఏ పిల్ల ఎక్కడుందో ఊరికి తెలిసిపోయింది, తెలిశాక ఊరు ఊరుకోలేకపోయింది. 2003లో ఆమెకు మెగసెసె అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలైంది. కన్నవాళ్ల ఇష్టం అన్న గోడను ఈ జిల్లా పల్లెల్లో ఒకసారి జాబితాతోనే పడగొట్టారు.

కొత్త శాఖ అక్కరలేదు, కొత్త ఉద్యోగాలూ అక్కరలేదు. జాతీయ ఆరోగ్య మిషన్ 2014లోనే శిశు మరణాల సమీక్షకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఐదేళ్లలోపు బిడ్డ చనిపోతే ఆశా కార్యకర్త వెంటనే తెలియజేయాలి, ఏఎన్ఎం ఇంటికి వెళ్లి ప్రాథమిక విచారణ చేయాలి, జిల్లా స్థాయిలో కమిటీ చూడాలి, కలెక్టర్ దాకా పోవాలి. న్యుమోనియా, విరేచనాలు, నెలలు నిండని కాన్పుల కోసం తయారైన పద్ధతి అది. నీళ్లలో పడి, కాలి, విషం వల్ల, తలకు దెబ్బ తగిలి అని కారణం రాసే దగ్గర ఆగిపోతే చాలదు. అక్కడి నుంచి ఇంకా అడగాలి. బిడ్డ దగ్గర అప్పుడు ఎవరున్నారు? ఒంటి మీద పాత గాయాలున్నాయా? ఆ ఇంటి నుంచి అంతకుముందు గృహహింస ఫిర్యాదు వచ్చిందా, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ వచ్చిందా? తల్లికి కాన్పు తర్వాత మనసు బాగుందా? బిడ్డ అంగన్‌వాడీకి రావడం ఎప్పుడు మానేసింది? ఆశా కార్యకర్త ఆ వాడ మనిషే, ఆమెను ఒంటరిగా ఈ ప్రశ్నలు అడగమంటే ఆమెకు ముప్పు. కాబట్టి ఆమె కబురు ఇస్తే చాలు, అడగడానికి జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి వేరే మనిషి రావాలి. అడిగినదంతా పోలీసు ఫైలుకు వెళ్లకూడదు. శిక్ష కోసం సాగే దర్యాప్తు వేరు, తెలుసుకోవడం కోసం సాగే సమీక్ష వేరు. ఆ రెండూ కలిస్తే ఎవరూ నోరు విప్పరు. పేర్లు బయటికి రాకూడదు, ఏడాదికోసారి ఏం తేలిందో మాత్రం జిల్లా ప్రజల ముందు పెట్టాలి.

ఐదేళ్లు దాటితే ఈ సమీక్ష కూడా ఉండదు. ఆరేళ్ల పిల్లవాడి చావు ఏ కమిటీ ముందుకూ రాదు. పద్దెనిమిదేళ్ల దాకా దాన్ని పొడిగించాలి. చంపినవాళ్లు చనిపోయి కేసు మూసేసినా సమీక్ష జరగాలి. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ చనిపోతే తహసీల్దారు పంచనామాకు వచ్చినట్టే, అనుమానం ఉన్న ప్రతి బిడ్డ మరణానికీ రావాలి, తల్లి పెళ్లి ఎప్పుడైందన్న దానితో నిమిత్తం లేకుండా. నేరాల పుస్తకంలో బిడ్డ హత్యకు పోక్సో తరహా సంబంధాల పట్టిక వేయాలి. కుటుంబ ఆత్మహత్యల పట్టికలో నుంచి పిల్లలను తీసి హత్యల లెక్కలో చూపించాలి.

చట్టం మారడానికి ఢిల్లీలో ఏళ్లు పడుతుంది. జిల్లాలో సమీక్ష మొదలుకావడానికి కలెక్టర్ ఉత్తర్వు ఒకటి చాలు. రంగారెడ్డి కలెక్టరేట్ ఉన్నది కొంగరకలాన్‌లో, ఈ ఇబ్రహీంపట్నం మండలంలోనే. రాయపోలు నుంచో దండుమైలారం నుంచో అర్జీ పట్టుకుని ప్రజావాణికి వెళ్లే దూరంలోనే ఆ సంతకం చేయగలిగినవాళ్లు కూర్చుంటారు. సర్పంచులు, టీచర్లు, ఆశా కార్యకర్తల సంఘాలు, మహిళా సంఘాలు కలిసి ఇవ్వాల్సిన అర్జీ అది. పోయినోళ్లు పోయిన్రు అన్న పెద్దమనుషులు కూడా దాని మీద సంతకం పెట్టాలని నేను అడుగుతున్నాను.